మంచిగనే

మూడు దాటి ఐదు నిమిషాలైంది. నాలుగింటిదాకా భార్గవి చేయాల్సిన పనేమీ లేదు, కష్టమంతా అందులోనే ఉంది. ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, అయ్యేది దానంతటదే అయిపోతుంది. ఎదురుగా లాప్‌టాప్ తెర మీద నలభై ఒక్క పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక పచ్చటి గుండ్రటి ముఖం, నవ్వుతూ. ఆఫీసు ఊడ్చి తుడిచే కాంట్రాక్టు మనుషుల పేర్లవి. ఒకటో తారీఖు నుంచి వీళ్లంతా కోకాపేట అవతల కొత్త బిల్డింగుకి వెళ్లాలి, పొద్దున్న ఐదున్నరకల్లా పనిలో ఉండాలి, ఉద్యోగులొచ్చే వేళకి నేల అద్దంలా మెరవాలి కనుక. ఎవరినీ బలవంతపెట్టడం లేదు, అడిగే పంపిస్తున్నాం అంటోంది కంపెనీ. అడిగిన మాట నిజమే. అడిగింది మనిషి కాదు, ఫోన్లో ఒక తియ్యటి గొంతు. జవాబు విని, వీళ్లు ఒప్పుకున్నారు, వీళ్లు ఒప్పుకోలేదు అని తేల్చింది కూడా ఆ గొంతు వెనకున్న యంత్రమే. దానికి తెలుగు నేర్పింది మాత్రం హెచ్ఆర్‌లో పనిచేసే భార్గవి. తెర అడుగున సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: నాలుగు గంటల లోపు మీ అభ్యంతరము అందనిచో మీరు ఆమోదించినట్లుగా భావించబడును. పదిహేడో వరుసలో కొమురమ్మ, ఏడో అంతస్తు. ఆమె పేరు పక్కన ముఖం కూడా నవ్వుతూనే ఉంది.

అందనిచో. ఈ మాట చిన్నప్పుడెక్కడో చూసింది. నాన్న ఇంటికి తెచ్చుకునే ఫైళ్లలో. రామ్మోహనరావుగారు ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి, ఆ చెక్క మీద ఆయన కొలతకి రెండు పల్లాలు పడ్డాయని అమ్మ వేళాకోళమాడేది. భార్గవికి కుర్చీయే లేదు. రోజూ పొద్దున్న పళ్లు తోముకుంటూ ఫోన్లో సీటు పట్టుకోవాలి, సినిమా టిక్కెట్టు పట్టుకున్నట్టు. సొరుగు లేదు, సొరుగులో పెట్టుకునే దువ్వెన లేదు, పెళ్లిఫోటో పెట్టుకుందామంటే సాయంత్రం మళ్లీ సంచీలో వేసుకుని పోవాలి. ఇవాళ కిటికీ పక్కది దొరికింది, నూట పద్నాలుగు. దొరికినందుకు పొద్దున్న ఎంత సంబరపడింది. ఇక్కణ్ణుంచి రాయదుర్గం మెట్రో స్టేషను కనపడుతుంది. లైను అక్కడితో ఆఖరు. రైలు వస్తుంది, ముందుకి పోవడానికి దారి లేదు, కాసేపు నిలబడి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. డ్రైవరు ఈ కొసన దిగి ఆ కొసకి నడుచుకుంటూ వెళ్లి ఎక్కుతాడు. పెళ్లయిన కొత్తలో ఒక శనివారం మధూ తనూ పనిగట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ నడకని మూడుసార్లు చూశారు. మూడోసారి డ్రైవరు వాళ్లకి చెయ్యి ఊపాడు. ఇప్పుడూ ఒక రైలు ఆగి ఉంది, శ్రావణం జల్లు దాని నెత్తి మీద సన్నగా పడుతోంది, డ్రైవరు కనపడలేదు. కళ్లు మంటగా ఉన్నాయి. మూడూ పదకొండు.

మౌనం అర్ధాంగీకారం. పెళ్లిచూపుల్లో పెదమావయ్య అన్నాడీ మాట. భార్గవి తల వంచుకుని నోరు విప్పలేదు, అందరూ సిగ్గనుకున్నారు. సంగతేమిటంటే పెళ్లికొడుకు ఎడమ మేజోడుకి చిల్లుంది, అందులోంచి బొటనవేలు బయటికొచ్చి గదినంతా పరికిస్తోంది, నోరు తెరిస్తే నవ్వొచ్చేస్తుంది. మౌనం అర్ధాంగీకారమన్నారు, ఇక తాంబూలాలు పుచ్చుకుందామా అన్నాడు పెదమావయ్య. నాన్న మాత్రం ఉండండి అని చెప్పి వంటింటి వెనక వసారాలోకి పిలిచి, అమ్మా, నీకు ఇష్టమేనా అని అడిగాడు. అప్పుడు నవ్వింది, చెప్పింది, మేజోడు సంగతి కూడా చెప్పింది, తండ్రీ కూతుళ్లిద్దరూ గచ్చు గోడకి ఆనుకుని చప్పుడు కాకుండా నవ్వుకున్నారు. అర్ధమే అన్నారు పెద్దలు, పూర్ణం అనలేదు. మిగతా సగం కోసం మళ్లీ ఒకరు లేచి వెళ్లి, పక్కకి పిలిచి అడగాలి. ఈ తెర మీది వాక్యంలో ఆ వసారా లేదు. నాలుగవుతుంది, పూర్తి అంగీకారమవుతుంది.

కాళ్లు కదిపితే మెట్టెలు కుర్చీ ఇనుపకాలికి తగిలి టింగుమన్నాయి. పక్క వరుసలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు తలెత్తలేదు. శుక్రవారం కాబట్టి సగం మంది ఇళ్లలోంచే పనిచేస్తున్నారు, అంతస్తంతా ఖాళీ కుర్చీలు. భార్గవి చేతులు చూసుకుంది. ఆషాఢం గోరింటాకు అరచేతుల్లో ఎప్పుడో పోయింది, గోళ్ల చివర మాత్రం నెలవంకల్లా నిలిచింది. ఈ గోళ్లే. మొదట్లో ఈ గోళ్లని చూస్తే ఎంత మురిపెం, లిఫ్టు బటన్ నొక్కేటప్పుడు కూడా ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగి చూసుకునేది. ఆషాఢమని కాకినాడలో పుట్టింట్లో ఉంది, అక్కణ్ణుంచే పనిచేసింది. కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడని నెల. యంత్రానికి తెలుగు నేర్పే పని ఆ నెలలోనే వచ్చిపడింది. నాలుగు బిల్డింగుల్లో పనివాళ్లు అంతకుముందు చెప్పిన జవాబులు పదకొండు వందలు, రాసిపెట్టి ఉన్నాయి. ఒక్కోటీ చదివి, బాగుందంటే పచ్చ, ఎటూ కాదంటే పసుపు, బాగాలేదంటే ఎరుపు నొక్కాలి. మిగతా వాళ్లకి తెలుగు రాదు, నీకే వచ్చు భార్గవీ అన్నారు స్వప్న మేడమ్, పుణే నుంచి వచ్చిన ఆవిడ. గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుందనగా అమ్మ పక్కింటి పెరట్లోంచి గోరింటాకు కోసుకొచ్చి రుబ్బేసింది, మొదటి ఆషాఢం, పెట్టుకోకపోతే ఎలా అంది. రెండు చేతులకీ పెట్టేసింది, వేళ్లకి టోపీలు కూడా. ఇక నొక్కేదెలా. నేను నొక్కుతాలే, నువ్వు చెప్పు అని అమ్మ, పుణ్యవతిగారు, కళ్లజోడు తుడుచుకుని హార్మోనియం ముందు కూర్చున్నట్టు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"ఏం జెప్పాలె, నడుస్తున్నది... ఇదేం చెయ్యనే?"

"పసుపమ్మా."

"మంచిగనే ఉన్న. ఇది?"

"మంచి అంటే బాగున్నట్టే కదా. పచ్చ."

"మళ్లీ మంచిగనే. ఇంకోటి మంచిగనే. అబ్బ, ఈ పనివాళ్లందరూ ఎంత సుఖంగా ఉన్నారే."

"ఒక్కోటీ అడక్కమ్మా. మంచి అని కనపడితే పచ్చ నొక్కేసెయ్యి."

అమ్మ నొక్కేసింది. ఒక్కో నొక్కుకీ ఒక చిన్న గంట మోగేది, అమ్మకి ఆ గంట నచ్చింది. భార్గవి అప్పుడు తెర వైపు చూడటమే లేదు. బల్ల మీద ఫోన్ వెలిగింది, మధు. చేతులకి గోరింటాకు, తీయడానికి లేదు, మోచేత్తో తోసి చదివింది. గోరింటాకు ఎర్రగ పండితే మంచి మొగడంట గద, జర నా ఇజ్జత్ కాపాడు అని రాశాడు. తలగడలో ముఖం దాచుకుని నవ్వింది. వెనక గంటలు మోగుతూనే ఉన్నాయి, టింగ్, టింగ్, టింగ్. దుఃఖంలోనో నిద్రమత్తులోనో చేసిన తప్పయితే ఒక దారి. ఇది సంతోషంలో చేసిన తప్పు. పచ్చగా పెట్టింది, ఇప్పుడు ఎర్రగా పండింది.

మూడూ ఇరవై ఆరు. మంచిగనే. ఎంత విన్నదీ మాట. కొత్తగూడలో నాలుగో అంతస్తు ఇల్లు, బాల్కనీలో నిలబడితే ఫ్లైఓవర్ మీద పోయే బస్సుల కప్పులు కనపడతాయి. ఆ ఇంట్లో మొదటిసారి పప్పుచారు పెట్టినప్పుడు, ఎలా ఉంది అని అడిగితే మధు ఒక ముద్ద తిని, మంచిగనే ఉంది అన్నాడు. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి చెప్పింది, మంచిగనే ఉందన్నాడమ్మా అని, అమ్మ నాన్నకి చెప్పింది. తర్వాత ఆ పప్పుచారు వారానికి రెండుసార్లు పెట్టింది. మొన్న ఆదివారం జమ్మికుంట నుంచి అత్తగారు గంగమ్మ వచ్చి, వంటింట్లో పక్కన నిలబడి సంగతంతా విని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచిగనే ఉందన్నడా? అయితే చింతపండు ఎక్కువైనట్టే బిడ్డ. మంచిగుంటే వాడు మాట్లాడడు, ఇంకింత ఏసుకుంటడు." మధు ఒక్కసారైనా ఇంకాస్త వేసుకోలేదని గుర్తొచ్చి భార్గవి కిందపడి నవ్వింది, మధు గుమ్మంలో దొంగలా నిలబడి, నీ మొకం జూస్తే చెప్పబుద్ధి గాలే అన్నాడు. అంత నవ్వులోనూ తనకి ఆ గంటలు గుర్తు రాలేదు. అదే ఇప్పుడు వింతగా ఉంది. ఇంట్లో పప్పుచారు దగ్గర అర్థమైన మాట ఆఫీసు గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఇవాళ మధ్యాహ్నం దాకా రాలేదు.

మధ్యాహ్నం డబ్బా తెరిచింది. మధు వంతు వంట, దొండకాయ వేపుడు, మూత లోపల అంటించిన చీటీ మీద మాడింది నేను గాదు స్టవ్వు అని ఉంది. చీటీ తీసి ఐడీ కార్డు వెనక దాచుకుంటుంటే ఏడో అంతస్తు నుంచి కొమురమ్మ వచ్చింది, చేతిలో తుడిచే గుడ్డతో, బల్ల తుడిచే మిషతో. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ ముందు బల్ల తుడిచి తర్వాత మాట్లాడుతుంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"బిడ్డా, ఒకటో తారీకు నుంచి నన్ను కొత్త బిల్డింగుకు ఏసిండ్రంట. సూపర్‌వైజర్ జెప్పిండు. నువ్వే ఒప్పుకున్నవ్ గద అంటున్నడు. నేనెప్పుడు ఒప్పుకున్న?"

"ఫోన్ వచ్చింది కదమ్మా మీకు. పొద్దున్న ఐదున్నరకి వస్తే ఎలా ఉంటుందని అడిగి ఉంటుంది."

"అడిగింది. మంచిగ మాట్లాడింది ఆ పిల్ల, ఏ ఊరి పిల్లనో. మంచిగనే ఉంటది తియ్యి అన్న."

"మరి అలా ఎందుకన్నారు?"

కొమురమ్మ గుడ్డని మడతపెట్టింది, మళ్లీ విప్పింది. "అడగంగనే కష్టం జెప్పుకుంటమా బిడ్డ. ఎట్లున్నవంటే మంచిగనే అంటం. ఇనేటోళ్లకు ఎర్కుండాలె గద. ఏమాయెనని ఇంకోపాలి అడుగుతదనుకున్న. పెట్టేసింది."

ఇంకోపాలి అడగలేదు. పచ్చ పడ్డాక అడగనవసరం లేదని యంత్రానికి చెప్పి ఉంది కదా. అప్పుడు చెప్పింది కొమురమ్మ, గొంతు తగ్గించి, తప్పు తనదైనట్టు. మొగుడు ఓదెలు కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటుకి రాత్రి కాపలా. పొద్దున్న ఏడింటికి ఇంటికొస్తాడు, షుగరుకి సూది వేయాలి, అతని కళ్లకి మసక, సూది మీది గీతలు కనపడవు. కిందటేడు తనే వేసుకుంటానని ఎక్కువ ఎక్కించుకుని గుమ్మంలో పడిపోయాడు, దవాఖానకి తీసుకెళ్లేసరికి మాట లేదు, రెండు రోజులకి మనిషయ్యాడు. అప్పటినుంచి ఏడింటికి సూది వేసి, రెండు రొట్టెలు తినిపించి, ఎనిమిదిన్నరకి ఇక్కడికి వస్తుంది. ఐదున్నరకి కోకాపేటలో ఉండాలంటే నాలుగింటికే ఇల్లు కదలాలి. వరసగా మూడు రోజులు రాకపోతే పేరు దానంతటదే పోతుంది, అది కూడా ఎవరూ తీసెయ్యరు, పోతుంది. "నువ్వు జర చూడు బిడ్డ" అని, బల్ల మీద లేని మరకని ఒకసారి తుడిచి వెళ్లిపోయింది. భార్గవి డబ్బాకి మూత పెట్టేసింది.

స్వప్న మేడమ్‌కి రెండున్నరకే ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లో ఉన్నారు, వెనక కుక్కర్ కూత వేసింది. ఒక్కరి పేరు తీసే వీలు పెట్టలేదు భార్గవీ, ఆపితే జాబితా మొత్తం ఆపాలి, కారణం రాయాలి. కారణమేం రాస్తావు, నేర్పిందే తప్పంటావా, నేర్పిందెవరని అడుగుతారు, ఆ తర్వాత నేనేం చేయలేను. ఆవిడ గొంతులో కోపం లేదు, నెల చివరి అలసట ఉంది. ఆరుగురుండే హెచ్ఆర్‌లో మిగిలింది వాళ్లిద్దరే, ఆ ఇద్దరిలో భార్గవి మిగిలిందే తెలుగు నేర్పిన పని బాగా కుదిరిందని. మిగతా నలుగురినీ ఎలా పంపించారో భార్గవికి తెలుసు, పిలుపులు పంపింది తనే. క్యాలెండర్లో ఆ పిలుపుకి ఒక పేరుంటుంది, చిన్న మాట. పది నిమిషాలు, చిన్న మాట. దేవిశ్రీకి పంపినప్పుడు దేవిశ్రీ పుట్టినరోజు ఏర్పాట్ల గురించేమో అనుకుని నవ్వుతూ వచ్చింది, పదో నిమిషంలో మెడలోంచి ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వెళ్తూ, నీకు మంచి చీర కొనాలనుకున్నానే పెళ్లికి అంది. ఆ చీర రంగేమిటో అడగలేదు భార్గవి. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటుంది, ఏ రంగై ఉంటుంది.

అమ్మ చేత నొక్కించానని రాయాలి. ఆఫీసు లాప్‌టాప్ బయటివాళ్ల చేతికి ఇవ్వడం ఒక తప్పు, పనివాళ్ల మాటలు చూపించడం ఇంకో తప్పు. రాయకపోతే? రాయకపోతే ఎవరికీ తెలియదు, కొమురమ్మకి కూడా తెలియదు, ఆమె యంత్రాన్నే తిట్టుకుంటుంది, లేదా తన నోటినే. సోమవారం కొత్త సీటు, కొత్త కిటికీ. ఇంకో పదిమంది కూడా మంచిగనే అని ఉంటారు, ఇరవై మంది, ఎవరింట్లో ఏ సూదో. మూడూ నలభై నాలుగు. ఒళ్లంతా బరువుగా ఉంది. జ్వరం కాదు, వేళకి తినకపోవడమూ కాదు. మూడు నెలల సంతోషాన్ని మోసుకుంటూ రోజూ ఈ అద్దాల మధ్యకి రావడం, సాయంత్రం దాన్ని నలక్కుండా తిరిగి ఇంటికి తీసుకుపోవడం, అది కూడా ఒక చాకిరీయే అనిపించింది మొదటిసారి.

నాకు వాళ్ల యాస తెలియదు కదా అని ఒకసారి అనుకుంది. కాకినాడ పిల్లని, జమ్మికుంట మాట నాకేం తెలుస్తుంది. కారణం గళ్లో ఇదే రాస్తే సరిపోతుందేమో, యాస తెలియక అని. అంతలోనే అమ్మ గొంతు వినపడింది. మోకాలి నొప్పితో మెట్లు దిగలేక మంచం మీద కూర్చుని ఫోన్ ఎత్తి, బాగానే ఉన్నానే, నువ్వెలా ఉన్నావు అనే గొంతు. బాగానే. అమ్మ ఆ మాటన్న ప్రతిసారీ భార్గవి, ఏమైందమ్మా అని అడుగుతుంది, ఒక్కసారీ పొరబడలేదు. బాగానేలోని ఆ 'నే', మంచిగనేలోని ఈ 'నే' ఒకటే. అమ్మ నోట్లో ఉంటే వినపడింది. బల్ల తుడిచే మనిషి నోట్లో ఉంటే వినపడలేదు. ఇందులో యాసేముంది.

మూడూ యాభై రెండు. చేత్తో ముఖం తుడుచుకుని కుర్చీ ముందుకి జరుపుకుంది, మెట్టెలు మళ్లీ టింగుమన్నాయి. తెర మీద ఆపు అన్న చోట నొక్కితే, కారణం ఎంచుకోండి అంది, మూడు కారణాలిచ్చింది, సాంకేతిక లోపం, ఉద్యోగి అభ్యర్థన, ఇతరములు. సాంకేతిక లోపం దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. నొక్కితే అంతటితో పోతుంది, ఎవరి పేరూ రాదు. గోటి చివర ఎర్రటి నెలవంక తెర వెలుగులో నల్లగా కనపడింది. ఇతరములు నొక్కింది. గడి ఇరుకు, నాలుగు ముక్కలకి మించి పట్టదు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మంచిగనేని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక చెరిపేసి, తెలుగులోనే కొట్టింది: మంచిగనే అంటే మంచి అని కాదు. తప్పుగా నేర్పింది నేను, నొక్కింది మా అమ్మ. నలభై ఒక్కరినీ మనిషే వెళ్లి మళ్లీ అడగాలి. చదువుకుంది. మా అమ్మ అన్న మాట తీసేద్దామా అనుకుంది, ఉంచేసింది. పంపింది. నలభై ఒక్క ముఖాలూ ఒక్కసారిగా బూడిదరంగుకి మారాయి, నవ్వులు పోయాయి, వాటి చోట చిన్న అడ్డగీతలొచ్చాయి. ఇప్పుడే కాస్త మనుషుల్లా ఉన్నారు అనుకుంది.

నాలుగు కాకుండానే లాప్‌టాప్ మూలన ఒక కాగితం ముక్కలా పిలుపు పడింది. సోమవారం, ఉదయం పది, పది నిమిషాలు. పేరు చదవనక్కర్లేదు, అయినా చదివింది. చిన్న మాట. రాయదుర్గంలో రైలు కదిలింది, వచ్చిన దారినే. వాన కొంచెం పెద్దదైంది. ఏడో అంతస్తుకి వెళ్లి కొమురమ్మతో ఏమని చెప్పాలి, ఆగిందమ్మా, మళ్లీ అడుగుతారు, ఈసారి మంచిగనే అనకండి అనా? అనకుండా ఉంటుందా? ఉండదు. కాబట్టి అడిగేవాళ్లకే చెప్పాలి, సోమవారం ఆ పది నిమిషాల్లో ఐదు నిమిషాలు దానికే అడగాలి. లేద్దామని లాప్‌టాప్ మూసింది.

ఫోన్ మోగింది. మధు. ఎదుటి టవర్లోనే, రోడ్డుకి ఆ పక్కన, వాళ్ల ఆఫీసు కిటికీల వెనక ఎక్కడో పనిచేస్తాడు, రోజూ నాలుగింటికి టీ వేళ చేస్తాడు, తిన్నవా, చీటీ చూసినవా అని అడుగుతాడు. ఇవాళా అదే అడిగాడు. చూశానంది. స్టవ్వుదే తప్పు, నమ్ము అన్నాడు. నమ్మానంది. నవ్వబోతే నవ్వు రాలేదు, దగ్గి సర్దుకుంది. అతను మళ్లీ అడిగాడు.

"ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్నా."

అవతల టీ గ్లాసు ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత మెట్లు దిగుతున్న అడుగులు, త్వరత్వరగా, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని దిగుతున్నట్టు.

"ఆడనే కూసో" అన్నాడు. "వస్తున్న."